ఆపా వాళ్ల జామ చెట్టు

పొద్దున ఆపా ఫోన్ చేసింది. వానలు తగ్గుముఖం పట్టాయంటే నా చెవి ఫోన్ మీదే ఉంటుంది. "చెల్లె, మన జామ మంచిగున్నది, ఫికర్ చెయ్యకు" అంది. ఏడాదికి ఒక్కసారి, ఈ కాలంలోనే, ఇదే మాట.

గోదావరిఖనిలో ఒకప్పుడు మా పక్క క్వార్టర్ ఆపా వాళ్లది. ఉర్దూలో ఆపా అంటే అక్క, నేనూ అట్లే పిలిచేదాన్ని. జామ చెట్టు మా పెరట్లో, కొమ్మలన్నీ వాళ్ల గోడ మీద. కాయలు ఎవరివన్న తగువు మాకెన్నడూ రాలేదు, సగానికి పైగా చిలకలే తినేవి. మిగిలిన వాటికి బొగ్గు పొడి తుడిచి, ఉప్పూకారం అద్దుకుని, గోడకు అటొకరం ఇటొకరం నిలబడేవాళ్లం. "నాది గనిల డ్యూటీ, మీది గోడ కాడ డ్యూటీ" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. వాళ్లాయన రిటైరై కాసిపేటకు పోయేటప్పుడు ఆపా నన్ను అడిగింది ఒక్కటే, ఆ చెట్టు అంటు. కట్టి ఇచ్చాను.

మరుసటి ఏడు మా చెట్టుకు ఎండు తెగులు పట్టింది. వానలున్నన్నాళ్లు నిండుగా ఉండి, అవి తగ్గాక ఒక్కో కొమ్మే పసుపెక్కింది. కాయలు రాలకుండా కొమ్మకే గట్టిపడి నల్లబడ్డాయి. దీపావళి నాటికి పొయ్యి కట్టెలే మిగిలాయి. తెగులు ఆ అంటుతో పాటు కాసిపేటకూ పోయిందేమోనని నాకు గుబులు. ఆపా ఫోన్లు అప్పుడే మొదలయ్యాయి. ఇప్పుడు మా వరుసలో సగం క్వార్టర్లకు తాళాలే. మా ఆయన డ్యూటీకి పోతే నాతో మాట్లాడేది టీవీ ఒక్కటే.

మొన్న ఎండాకాలం అటువైపు పెళ్లికి పోయి, చెప్పకుండా ఆపా ఇంటికి వెళ్లాను. ఆమె దవాఖానకు పోయిందట. కోడలు పిన్నిని పిలిచినట్టు నన్ను ఖాలా అని పిలిచి చాయ్ పెట్టింది. పెరట్లో జామ లేదు, ఆ చోట పుదీనా ఉంది. "గా చెట్టా ఖాలా? నేను పెండ్లయి వచ్చిన యేడే ఎండిపాయె. అత్తమ్మ మస్తు ఏడ్చింది" అంది ఆ పిల్ల. ఆ కోడలి కొడుకు, ఐదారేళ్ల వాడు, వాకిట్లో ఉరుకుతున్నాడు. చెట్టు లేదని నేను చూసినట్టు ఆపాకు తెలిస్తే మా ఇద్దరికీ ఫోన్ చేసుకునే సాకు ఏముంటుంది? "నేనొచ్చినట్టు చెప్పకు బిడ్డా" అని ఆపా వచ్చేలోపే బస్సెక్కాను.

అందుకే ఈ పొద్దున ఎప్పటిలాగే అడిగాను, "కొమ్మలేం పసుపెక్కలే గద ఆపా?"

"ఒక్కటి గూడ ఎక్కలే. కాయలు మస్తున్నయి గని, చిలకలే తింటున్నయి."

నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. "తోలకు ఆపా, తిననియ్యి" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఇల్లు మళ్లీ అంతే నిశ్శబ్దం. ఇక వచ్చే ఏడు వానలు పడాలి, తగ్గాలి.