బేస్ గిటార్ బావ

విశాఖలో నాలుగు బ్యాండ్ల నుంచి పేరున్నవాళ్లు కలిసి ఒకే రాక్ బ్యాండ్ పెట్టినప్పుడు నేను వాళ్లకు సౌండ్ చూసేవాణ్ణి. పాటగాడు, లీడ్ గిటారిస్టు, డ్రమ్మర్ — కాలేజీ పిల్లలకు ఆ ముగ్గురి పేర్లూ కంఠతా వచ్చు. నాలుగో ఆయన బేస్ గిటార్ వాయించేవాడు. కూర్మన్నపాలెంలో ఉండేవాడు, స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం. చర్చి పాటలకు వాయిస్తూ నేర్చుకున్న చెయ్యి. చెప్పులు విప్పి వేదికెక్కి, ఓ మూల నిలబడి, కళ్లు మూసుకుని తనలో తనే నవ్వుకుంటూ వాయించేవాడు.

ఒకసారి బీచ్‌లో షో మధ్యలో పాటగాడికీ లీడ్ గిటారిస్టుకీ మాటామాటా పెరిగి, ఇద్దరూ చెరోవైపు దిగిపోయారు. జనం ఒకటే కేకలు. నేను వేదిక మూలనున్న బేస్ గిటారాయన దగ్గరికి ఉరికాను.

"బావా, ఇప్పుడేటి సేద్దాం?" అన్నాను.

"ఏటీ సెయ్యొద్దు. నా సౌండు కాస్త పెంచు," అని ఆయన ఒక్కడే వాయించడం మొదలుపెట్టాడు. కాసేపటికి డ్రమ్మర్ అందుకున్నాడు. కేకలేసిన జనమే చప్పట్లతో తాళం వేశారు. ఆ హోరు విని, అలిగిన ఇద్దరూ పరుగున తిరిగొచ్చారు.

షో అయ్యాక ఫొటోల కోసం గుంపు చేరింది. ఒకమ్మాయి ఆయన చేతికే ఫోనిచ్చి, "అన్నా, బ్యాండుతో మాకో ఫొటో తీస్తావా?" అంది. ఆయన ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని మరీ తీశాడు. నాకు ఒళ్లు మండింది.

"నువ్వూ బ్యాండేనని సెప్పొచ్చు కదా బావా!"

"సెప్తే నన్నూ నిలబెట్టేత్తారు. మరి ఫొటో ఎవుడు తీత్తాడు?"