బడి వెనక మూల

మా ఊరి హైస్కూల్లో ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టాలని గుంత మొదలుపెట్టిన వారానికే, పని ఆపమని కోర్టు ఉత్తర్వు వచ్చింది. సర్పంచికి ఒక కాగితం, హెడ్మాస్టరుకు ఒకటి, బడి కమిటీకి పెద్దను కాబట్టి నాకూ ఒకటి. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. కూడబలుక్కుని చదువుతుంటే మా ఆయన గడప మీద కూర్చుని బీడీ ముట్టించుకుంటూ, "అచ్చరాలు వస్తే పింఛనన్నా వస్తాదనుకుంటి. కోర్టు కాగితం వచ్చెనే" అన్నాడు.

బడి ఉన్న జాగా ఒకప్పుడు ఒక రైతు చేను. ఊరు అడిగితే ఆయన నలుగురిలో నిలబడి ఇచ్చేశానన్నాడు. కాగితం రాయమంటే ఆయన మాటను నమ్మనట్టవుతుందని ఎవరూ అడగలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మనవడు దావా వేశాడు. ఎమ్మిగనూరు రోడ్డు పక్క జాగాలకు ధర వచ్చింది కాబట్టి ఆశ పుట్టిందని ఊరంతా తిట్టింది. నేనూ తిట్టాను.

మా చిన్నకూతురు అప్పుడు తొమ్మిదో తరగతి. బడి చుట్టూ కంపచెట్లు కొట్టేశాక పిల్లలకు చాటు లేకుండా పోయింది. పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా బిగబట్టుకుని కూర్చునేవాళ్లు. నెలలో కొన్ని రోజులు పెద్ద పిల్లలు బడికే వచ్చేవాళ్లు కాదు. ఇద్దరు మానేశారు కూడా. ఆ ఏడు కట్టకపోతే మంజూరైన డబ్బు వెనక్కి పోతుందని హెడ్మాస్టరు చెప్పాడు.

ముగ్గురమూ ఆదోనికి పోయాం. చుట్టుపక్కల పంచాయతీలకూ బడులకూ కోర్టులో వాదించే వకీలు అక్కడ ఉన్నాడు. మేడ మీద చిన్న గది. ఇన్నేళ్లుగా జాగా బడి చేతిలోనే ఉంది కాబట్టి గెలిచేది మనమేనని సర్పంచి గట్టిగా చెప్పాడు. వకీలు దావా కాగితాలు తిరగేస్తూనే విన్నాడు.

"గెలుస్తామప్పా. మనం గెలిచేనాటికి ఈ పిల్లలు వాళ్ల బిడ్డల్ని ఆ బడికి పంపుతాంటారు" అన్నాడు.

తర్వాత ఒక సంగతి చూపించాడు. దావా వేసినవాడు బడి జాగా మొత్తం అడగలేదు. రోడ్డు పక్కదీ అడగలేదు. గుంత తవ్వుతున్న వెనక మూల ఒక్కటే అడిగాడు. ఆశ ఉన్నవాడు రోడ్డు వదిలి మూల ఎందుకు అడుగుతాడని వకీలు మమ్మల్ని అడిగాడు. పని ఆపడానికని సర్పంచి అన్నాడు. ఎందుకు ఆపాలని వకీలు మళ్లీ అడిగాడు.

ఆ ఇంటి ఆడవాళ్లతో నాకు మాటలున్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. అతని తల్లీ నేనూ ఒకే గుంపులో పత్తి తీస్తాం, పెద్దమ్మా అని పిలుస్తాను.

"అయితే కేసు మాట నువ్వు ఎత్తొద్దమ్మా, బెదిరించినట్టుంటాది. ఆమె చెప్తే విను. చెప్పకపోతే పత్తి తీసుకుని వచ్చెయ్."

దావా వేసినప్పటి నుంచి గుంపులో ఎవరూ పెద్దమ్మతో మాట్లాడటం లేదు. మరుసటి రోజు నేను ఆమె పక్క సాలు పట్టుకున్నాను. నడుముకు కట్టిన గుడ్డలో పత్తి నింపుకుంటూ ఇద్దరం సాలు చివరి దాకా నడిచాం. సద్ది తినేటప్పుడు ఆమే మొదలుపెట్టింది.

"నా మింద కోపం ల్యాదామ్మే నీకు?"

"నా బిడ్డ నీళ్లు తాగకుండా బడికి పోతాండాది పెద్దమ్మా. కోపం ల్యాకుండా యాడికి పోతాది?"

ఆమె చేతిలో ముద్దను మళ్లీ గిన్నెలో పెట్టేసింది.

"ఆ మూల నా పెద్దబిడ్డ ఉండాది" అంది.

మా వైపు పసిపిల్లలు పోతే కాల్చరు. సొంత చేనిలో గట్టు మూలన పూడ్చి, నక్కలు తవ్వకుండా కంప కప్పుతారు. రాయి పెట్టరు. తర్వాత పుట్టేవాళ్లకు మంచిది కాదని ఆ మాట ఇంట్లో కూడా ఎత్తరు. ఆమెకు తొలిచూలు ఆడపిల్ల. పేరు పెట్టకముందే పోయింది. మరుసటి ఏడు మామ ఆ చేను బడికి ఇచ్చాడు. కోడలిని ఎవరూ అడగలేదు.

"పిల్లోళ్లు ఆడుకునే జాగా గదా, నా బిడ్డ ఒంటిగా ఉండదులే అనుకుంటి. ఇప్పుడు ఆడ పాయిఖానా గుంత తవ్వుతాండారంటే బువ్వ దిగల్యా. కొడుక్కు చెప్తి."

గుంత ఇంకా ఆ చోటి దాకా రాలేదని కూడా తనే చెప్పింది. కొడుకు ఆ అక్క సంగతి ఊరికి చెప్పుకోలేక దావా వేశాడు.

మళ్లీ వకీలు గదికి పోయి నేను ఈ సంగతి చెప్పినప్పుడు సర్పంచి తల వంచుకున్నాడు. "ఒక్క మాట చెప్పింటే సరిపోతాండె గదా" అన్నాడు. తవ్వే ముందు మనమూ అడగలేదని హెడ్మాస్టరు అన్నాడు. వకీలు ఎదుటి వకీలుకు ఫోన్ చేశాడు.

లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. ఆ మూలను అలాగే వదలాలి. మరుగుదొడ్లు వంటగది పక్కన కట్టుకోవాలి. మిగతా జాగా అంతా ఆ ఇంటివాళ్లు బడికి రిజిస్టరు చేసి ఇవ్వాలి. కారణం మాత్రం కాగితంలో రాయొద్దని పెద్దమ్మ కొడుకు అడిగాడు, మేం ఒప్పుకున్నాం. మూల ఎందుకు వదులుతున్నారని జడ్జి అడిగితే మా వకీలు లేచి, అది రెండువైపులా ఒప్పుకున్న మాటేనని చెప్పి కూర్చున్నాడు. జడ్జి ఒకసారి పెద్దమ్మ కొడుకు వైపు, ఒకసారి మా వైపు చూసి సంతకాలు పెట్టమన్నాడు. నా పేరు నేనే రాశాను.

ఊరికి ఒకే బస్సులో వచ్చాం. ఉరుకుంద గుడికి పోయేవాళ్లతో బస్సు కిక్కిరిసి ఉంది. పెద్దమ్మ కొడుకు నా ముందు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. దిగే ముందు వెనక్కి తిరిగి, "అక్కా, గుంత ఎప్పుడు పూడుస్తారు?" అన్నాడు. నువ్వు చెప్పినప్పుడే అన్నాను. మరుసటి పొద్దున తనే పార తెచ్చుకుని వచ్చాడు. ట్రాక్టరు వద్దన్నాడు. సర్పంచి కూడా పంచె ఎగగట్టి మట్టి లాగాడు.

కొన్నాళ్లకు మేస్త్రీ వంటగది పక్కన పునాదికి ముగ్గు పోయడానికి వచ్చాడు. సర్పంచి అతన్ని కాసేపు ఆగమని ఆ ఇంటికి మనిషిని పంపాడు. కొడుకు వచ్చాడు, వెనకే తల్లి కూడా వచ్చింది. ఈ పక్క ఏమన్నా ఉందా పెద్దమ్మా అని సర్పంచి అడిగాడు. ఆమె ఆ నేలంతా నిదానంగా ఒకసారి చూసింది.

"ఈడ ఏమీ ల్యాదప్పా. కట్టుకోండి" అంది.

మేస్త్రీ దారం లాగాడు.