కుడి చేతికి ముందు బ్రేకు

మా వియ్యంకుడు పోయిన నెలలో ఒక గురువారం పొద్దున కన్నుమూశారు. నేనప్పుడు గరాజ్‌లో సైకిలుకి గాలి కొడుతున్నాను. పొద్దున్నే తండ్రి ఇంటికి వెళ్లిన మా అల్లుడు తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అమెరికాలోనే పుట్టి పెరిగినవాడు, తెలుగు పొదుపుగా మాట్లాడతాడు. "మామయ్యా, డాడీ లేవలేదు" అన్నాడు. "పడుకోనీ బాబూ, లేపకు" అన్నాను. అతను కదల్లేదు. పంపు నా చేతిలోనే ఉంది. కాసేపటికి గానీ నాకు తెలియలేదు, ఆయన ఇక లేవరని.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్న మీలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. పండగ భోజనాల్లో ఆఖరి బంతిలో కూర్చునే పొడుగాటి మనిషి. మీరు పార్కింగులో కారు ఆపగానే దగ్గరికొచ్చి, "బ్రేకు ప్యాడ్స్ అయిపోయినయ్, ఈ నెలలనే మార్పించు" అని చెప్పి వెళ్లిపోయిన పెద్దమనిషి ఆయనే. కరీంనగర్ వైపు నుంచి చదువుకోవడానికి వచ్చి, ఇక్కడి కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించే లాబ్‌లో ఉద్యోగమంతా చేసి రిటైరయ్యారు. నేను తెనాలి వాణ్ణి, ఎనిమిదో తరగతితో చదువాపి సైకిలు షాపు పెట్టుకున్నవాణ్ణి. మా అమ్మాయిని వాళ్లబ్బాయికి ఇచ్చాం కాబట్టి ఆయన నాకు బావగారు, నేను ఆయనకి బావగారు. నేనిప్పుడు ఉండేది మా అమ్మాయి దగ్గరే, ఆయన ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల.

ఏడుస్తూ రాయవలసిన మాటలివి. కానీ ఆయన గురించి రాయడానికి కూర్చుంటే నాకు ముందుగా సంతోషమే వస్తోంది, ఏం చెయ్యను! ఆ సంతోషానికి కారణం ఒక పాత సైకిలు. ఆ సంగతే చెబుతాను.

రెండేళ్ల కింద చలికాలంలో మా అమ్మాయి కారు మంచు మీద జారి స్తంభానికి కొట్టుకుంది. ఎడమ మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేశారు, ఎముక అతుక్కుంది, కానీ పట్టు తిరిగి రాలేదు. సీసా మూత కుడి చేత్తోనే తిప్పేది, సీసాని పొట్టకి ఆనించుకుని. నా కూతురు సీటు అందని వయసులో కడ్డీ కింద నుంచి కాలు దూర్చి మా షాపు సైకిళ్లన్నీ తొక్కిన పిల్ల. ఇక్కడికొచ్చాక కూడా ప్రతి ఆదివారం ఊరి పార్కులో మట్టి దారుల్లో తిరిగేది. ఆ ప్రమాదం తర్వాత తన సైకిలు ఎవరికో ఇచ్చేసింది. "నాకిక బ్రేకు అందదు నాన్నా" అంది. ఆ ఒక్క మాటా అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఈ మాట బావగారికి చెప్పాను. ఆయన కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించి, "కిందికి రాండ్రి, ఒక వస్తువు చూపిస్త" అన్నారు.

బేస్‌మెంట్‌లో గోడకి ఒక సైకిలు వేలాడుతోంది. ఆకుపచ్చ రంగు, కొండదారుల్లో తొక్కే రకం, స్టీలు ఫ్రేము, పాతికేళ్లు దాటి ఉంటుంది. పొట్టి మనిషికి సరిపోయే కొలత.

"మీ చెల్లెలి కోసం కొన్న బావగారు. రెండుసార్లు తొక్కింది. నా చీరకూ దీనికీ పడది అన్నది, అంతే."

మా చెల్లెలు అంటే ఆయన భార్య. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఆవిడ పోయిన కొత్తలో ఆయన కాఫీలో ఉప్పు వేసుకుని తాగారట. అప్పటి నుంచి జేబులో కాగితం టేపు చుట్ట, పెన్ను పెట్టుకుని ఇంట్లో ప్రతి డబ్బాకీ తెలుగులో పేరు రాసి అంటించారు. "చక్కెర. ఉప్పు కాదు." అని ఆ డబ్బా మీద ఇప్పటికీ ఉంది.

మా అల్లుడికి ఈ పాత బండి నచ్చలేదు. "డాడీ, కొత్తది కొందాం. డిస్క్ బ్రేక్స్ ఉంటే ఒక్క వేలు చాలు" అన్నాడు. న్యాయమైన మాటే. కానీ మా అమ్మాయి ఆ ఆకుపచ్చ ఫ్రేము మీద చెయ్యి వేసి, "అత్తయ్యది అయితే చూద్దాం" అంది. చూద్దాం అంది! ఆ పిల్ల నోట సైకిలు గురించి ఆ మాట వచ్చి ఎన్నాళ్లయిందో. మేమిద్దరం ముసలాళ్లం మర్నాడే పనిలోకి దిగాం.

మొదట చక్రాల పని. బావగారు రిమ్ము పక్కన వేలితో తడిమి, నా వేలు కూడా పట్టి తడిమించారు. ఈ రకం సైకిలులో బ్రేకు రబ్బర్లు రిమ్మునే నొక్కుతాయి, అందుకని ఏళ్ల తరబడి రిమ్ము అరుగుతుంది. పళ్లెంలాగా లోపలికి గుంట పడి ఉంది. "రెండుసార్లు తొక్కితే ఇంత అరిగిందా?" అన్నాను.

"ఆమె రెండుసార్లు. తర్వాత నేను" అన్నారు, నవ్వి. భార్య కోసం కొన్న పొట్టి సైకిలుని ఆరడుగుల మనిషి ఏళ్ల తరబడి మోకాళ్లు గడ్డానికి తగిలేలా తొక్కాడన్నమాట!

ఇరవైయారు అంగుళాల చక్రం ఇప్పుడెవరూ అడగరట. దొరికిన రిమ్ముల్లో సగం డిస్కు రకానివి, వాటికి రబ్బరు పట్టే నున్నటి పక్క ఉండదు. చివరికి అల్లుడే వెతికి విడిగా రిమ్ములు, హబ్బులు, స్పోకులు తెప్పించాడు. వెనక చక్రం పట్టే సందు కొలవడానికి బావగారు వెర్నియర్ తెచ్చి మూడుసార్లు కొలిచారు.

"కాస్త తేడా ఉంటే సాగదీస్తే పడుతుంది బావగారూ. మా షాపులో ఎన్నిటిని సాగదీశామో" అన్నాను.

"మీ షాపుల సాగదీసిండ్రు. ఇది నా కోడలు ఎక్కే బండి."

నా కూతుర్ని ఇచ్చిన ఇల్లు ఎంత మంచిదో అనుకున్నాను.

డిస్కు బ్రేకు గురించి కొడుకు మళ్లీ అడిగితే ఆయన ఫ్రేము తిప్పి చూపించారు. "డిస్కు మంచిదే బిడ్డా. దీనికి బిగించే చోటు లేదు. వెల్డింగ్ చేస్తె పెట్టొచ్చు, కానీ ఆపే బలమంతా ఈ సన్న గొట్టం మీద పడ్తది. దీన్ని డిజైన్ చేసినోడు ఆ లోడ్ అనుకోలే." అందుకని రిమ్మునే పట్టుకునే బ్రేకు తీసుకున్నాం. పాతదానికంటే పొడుగు చేతులు, రెండు పక్కల నుంచి గట్టిగా అదుముతాయి.

హ్యాండిలు మీద వేళ్లతో నొక్కే పాత లివర్లు మాత్రం నేను వదల్లేదు. పనికొచ్చే వస్తువు పారేయడం మా షాపులో లేదు. కొత్త బ్రేకు చేతులకి తీగ ఎక్కువ లాగాలి, పాత లివరు అంత లాగదని ఆయన ముందే చెప్పారు. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు నేను పాతవే తుడిచి బిగించేశాను. వచ్చి చూసి తిట్టలేదు. "మీరే నొక్కుండ్రి" అన్నారు. లివరు వెళ్లి హ్యాండిలుకి ఆనింది, చేతిలో స్పాంజి పిసికినట్టుంది. విప్పడం మొదలుపెట్టాను. ఆయన కొత్త లివర్ల పెట్టె నా ముందుకి జరిపి, చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. నేను విప్పడం చూడకుండా ఉండటానికే వెళ్లారని నాకు తెలుసు.

చక్రాలు అల్లడం నా పని. ఒక్కో చక్రానికి ముప్పైరెండు స్పోకులు. అమెరికా వచ్చాక నా చేతులకి మొదటిసారి వాటి పని దొరికింది, ఎంత హాయిగా ఉందో చెప్పలేను! నేను స్పోకుని మీటి, మోత విని బిగిస్తాను. ఆయన పక్కన ముల్లు గడియారం లాంటి కొలత పరికరం పెట్టి కూర్చున్నారు. "చెవితోని చక్రం సరిజేస్తరా?" అని నవ్వారు. అయ్యాక చక్రం తిప్పి ముల్లు చూశారు. ముల్లు వణికిందంతే. మళ్లీ తిప్పారు. "బావగారు, మీ చెవిని మా లాబ్‌ల పెట్టాల్సుండె" అన్నారు. నా జన్మలో నాకు దొరికిన సర్టిఫికెట్టు అదొక్కటే.

తప్పు ఆఖర్న జరిగింది. తీగలు నేనే బిగించాను. ఆయన వచ్చి కుడి లివరు నొక్కారు. ముందు బ్రేకు పట్టింది. ఆయన మొహం మారింది.

"ఉల్టా పెట్టిండ్రు కదా!"

"ఉల్టా ఏంటి? కుడి చెయ్యి ముందు, ఎడమ చెయ్యి వెనక. నలభై ఏళ్లు అలాగే బిగించాను."

"గది ఇండియాల. ఇక్కడ ఎడమ చేతికి ముందు బ్రేకు ఉంటది. ఈ దేశంల ఏ సైకిలు చూసినా గంతే."

నాకు సిగ్గేసింది. పైగా ముందు బ్రేకుతో ఆటలు కావు, అనుకోకుండా గట్టిగా పడితే మనిషి ముందుకి ఎగిరి పడతాడు. స్పానరు తీసి తీగ వదులు చెయ్యబోయాను. సరిగ్గా అప్పుడు మా అమ్మాయి కాఫీ తెచ్చింది. ట్రే అంచు కుడి చేత్తో పట్టుకుంది, ఎడమ చెయ్యి ట్రే కింద ఊరికే ఆనించింది. రోజూ చూసేదే, నేను గమనించలేదు. ఆయన గమనించారు.

"ఆగుండ్రి బావగారు" అన్నారు. "అమ్మా, ట్రే పెట్టి ఇట్ల రా. రెండు లివర్లు నొక్కు."

కుడిది పూర్తిగా నొక్కింది. ఎడమది సగంలో ఆగిపోయింది. పిల్ల తల వంచుకుంది. "చెప్పాను కదా మామయ్యా, అందదు."

"అందనిది వెనక బ్రేకు" అన్నారాయన. "బండిని ఆపేది ఎక్కువ ముందుదే. అది నీ మంచి చేతిల ఉంది. మీ నాయిన పెట్టిందే రైటు."

అంతటితో ఊరుకోలేదు. లివర్ల దగ్గర చిన్న మరలు తిప్పి వాటిని వేళ్ల దగ్గరికి తెచ్చారు. వెనక బ్రేకు స్ప్రింగు వదులు చేశారు. మళ్లీ నొక్కమన్నారు. ఎడమది ఈసారి ముప్పావు దాకా వెళ్లింది, రబ్బరు రిమ్ముని పట్టింది. అప్పుడు జేబులోంచి టేపు తీసి, "కుడి చెయ్యి – ముందు బ్రేకు" అని రాసి హ్యాండిలు మధ్యలో అంటించారు. ఇంకెవరైనా తెలియక ఎక్కితే ప్రమాదం కదా అని.

"మామయ్యా, అది తెలుగులో ఉంది. ఇంకెవరికి అర్థమవుతుంది?" అని మా అమ్మాయి నవ్వింది.

"అర్థం కానోడు ఎక్కడు" అంటూనే దాని కింద ఇంగ్లీషులో కూడా రాశారు.

మొదటిసారి తొక్కించింది ఆయన ఇంటి ముందే. డ్రైవ్‌వేకి ఈ చివర మా అమ్మాయి, ఆ చివర గరాజ్ తలుపు. తలుపు ముందు ఆయన సుద్దముక్కతో గీత గీశారు. గీసి, దాని వెనక తనే నిలబడ్డారు.

"పక్కకి రండి బావగారూ!" అని అరిచాను.

"తలుపుకు గుద్దుకుంటే ఎట్ల అని భయపడ్తది. నన్ను గుద్దదు" అన్నారు. తర్వాత కోడలితో, "మొదలు ఆగుడు నేర్చుకో బిడ్డా, ఉరుకుడు దానంతట అదే వస్తది. రెండూ కలిపి, మెల్లగ, ఒక్కసారి గుంజొద్దు" అన్నారు.

పిల్ల పెడలు మీద కాలు వేసింది. నేను చూడలేక చెట్టు వైపు తిరిగాను, మళ్లీ ఆపుకోలేక తిరిగి చూశాను. వస్తోంది, వస్తోంది, వస్తూనే ఉంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు, అంగుళం కదల్లేదు. చక్రం గీత మీద ఆగింది. ఆయన బూటుకీ టైరుకీ మధ్య జానెడు ఖాళీ. మా అమ్మాయి ఒక కాలు కింద పెట్టి, నోరు తెరిచి ఆయన్నే చూస్తోంది. నేను చప్పట్లు కొట్టాను, గెంతాను, ఏడ్చాను, ఆ వీధిలో ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు. ఆయన మాత్రం వంగి, ముందు చక్రం రిమ్ము మీద రెండు వేళ్లు ఆనించి చూశారు. వేడెక్కిందా లేదా అని. "మంచిగుంది, మళ్ల ఒకసారి" అన్నారు.

అప్పటి నుంచి రోజూ అదే వరస. పిల్ల ఆఫీసు పని అయ్యాక రెండు వీధులు తొక్కుకుంటూ వెళ్లడం, గీత మీద ఆపడం, ఆయన వంగి రిమ్ము తాకడం. నెల తిరిగేసరికి పార్కు దారుల్లోకి కూడా వెళ్లింది. వచ్చి ఎక్కడెక్కడ ఎలా ఆపిందో చెబుతుంటే ఆయన కళ్లు మూసుకుని వినేవారు. పెద్ద పెద్ద కార్లు ఆపిన మనిషి, ఒక పిల్ల సైకిలు ఆపుకోవడం గురించి అంత శ్రద్ధగా వినడం నేను చూశాను. చూసే అదృష్టం నాకు దక్కింది. బావగారూ, మీకు నేను థాంక్స్ చెప్పలేదు. వియ్యంకుల మధ్య అలాంటివి చెప్పుకోం కదా.

ఆ ఇంటి పెరట్లో ఆయన వేసిన టమాటాలు, గోంగూర ఇప్పుడు కాపుకొచ్చాయి. నీళ్లు పెట్టడానికి మా అమ్మాయి సాయంత్రాలు సైకిలు మీదే వెళుతోంది. మొన్న నేను ముందే నడిచి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. వానలకి సుద్ద గీత పూర్తిగా పోయింది. అయినా చక్రం సరిగ్గా అక్కడే వచ్చి ఆగింది. పిల్ల ఒక కాలు కింద పెట్టి కాసేపు అలాగే ఉంది, ఎదురుగా ఎవరో వంగడానికి టైమిస్తున్నట్టు. తర్వాత తనే వంగింది. ఎడమ చేతి రెండు వేళ్లు చాచి, రిమ్ము మీద ఆనించి చూసింది.