నల్ల సిరా కింద పేర్లు

మా నాన్న లాకు లస్కరు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ మా ఊరి దగ్గర రెండుగా చీలేది. అక్కడ పడవలు దిగే లాకూ, దాని పక్కన నీళ్ళను ఆపే ఇనుప తలుపులూ ఉండేవి. పైనున్న వంతెన మీద నిలబడి హ్యాండిల్ తిప్పి ఆ తలుపులు ఎత్తడం, దించడం నాన్న పని. గట్టు మీద రెండు పెంకుటి క్వార్టర్లు. ఒకదాంట్లో మేం ఉండేవాళ్ళం, రెండోదాంట్లో ఇంకో లస్కరు కుటుంబం ఉండేది. ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు గానీ, వాళ్ళింట్లో కూర బాగుంటే గిన్నె మా ఇంటికొచ్చేది, మా ఇంట్లో బాగుంటే వాళ్ళింటికి వెళ్ళేది.

తొంభైల్లో ఒక తుపానుకి కాలువ గట్ల దాకా నిండింది. తలుపులు ఎత్తమని ఆఫీసు నుంచి కబురొచ్చింది. నాన్న సగం తిన్న అన్నం ముందు నుంచి లేచి వెళ్ళాడు. కాసేపటికి బాబాయ్ వానలో పరిగెత్తుకుంటూ వచ్చి, హ్యాండిల్ వెనక్కి తిరగబడి నాన్నని కొట్టిందనీ, ఆయన నీళ్ళలో పడిపోయాడనీ చెప్పాడు. నడుముకి తాడు కట్టుకుని ఆ సుడుల్లోకి దిగింది కూడా బాబాయే. చీకటి పడేదాకా వెతికాడు. నాన్న మర్నాడు కింది వంతెన స్తంభాల దగ్గర దొరికాడు.

తర్వాత పై అధికారులు వచ్చి విచారణ చేశారు. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. కొన్నాళ్ళకి, నాన్న తాగి డ్యూటీకి వెళ్ళాడనీ, కాలు జారి పడ్డాడనీ రిపోర్టులో రాశారని ఊళ్ళో మాట పుట్టింది. ఆ మాట మా ఇంటి కంటే ముందు సంతకి చేరింది. నన్ను చూడ్డానికి వచ్చిన మొదటి సంబంధం వాళ్ళు కాఫీ తాగుతూనే అడిగారు, "మీ ఆయన మందు మీద ఉండి కాలవలో పడ్డాడంట కదండీ?" అని. అమ్మ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

"నాన్న తాగేవాడు కాదా?" అని ఆ రాత్రి అడిగాను.

"తాగేవాడే. ఆదివారం పూట తాగేవాడు. నేనేం దాచట్లేదు. ఆరోజు తాగలేదు. అన్నం పెట్టింది నేను కదా, నాకు తెలీదా?" అంది.

నాన్న ఉద్యోగానికి బదులు అమ్మకి అదే శాఖ ఆఫీసులో అటెండరు పని ఇచ్చారు. ఊడ్చేది, మంచినీళ్ళు పెట్టేది, ఫైళ్ళు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి మోసేది. విచారణ ఫైలు సూపరింటెండెంటు వెనక బీరువాలో ఉందని ఆవిడకి తెలుసు. రిపోర్టు చూపించమని చాలాసార్లు అడిగింది. కాన్ఫిడెన్షియల్ అనేవారు. అమ్మకి చదువు రాదు. "రోజూ దాని మీద దుమ్ము దులుపుతానే. లోపల ఏముందో మాత్రం నాకు తెలీదు" అని ఒకసారి నవ్వబోయింది గానీ, నవ్వు రాలేదు.

నాకు నిడదవోలు సంబంధం కుదిరింది. అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. రెండు వేల అయిదు దాటాక, సమాచార హక్కు చట్టం వచ్చిందనీ, ఆఫీసులో ఏ కాగితమైనా అడగొచ్చనీ స్టాఫ్ రూంలో మాట్లాడుకుంటుంటే విన్నాను. అమ్మ ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదని అర్జీ నా పేరున పెట్టాను. మా నాన్న చావు మీద జరిగిన విచారణ రిపోర్టు, సాక్షుల వాంగ్మూలాలు కావాలని రాశాను.

నెల తిరిగాక, అవి గోప్యమైనవి, ఇవ్వడం కుదరదని జవాబొచ్చింది. అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు చేసుకోవాలన్నారు, చేశాను. ఆయనా అదే రాశాడు. ఈలోగా సూపరింటెండెంటు అమ్మని పిలిచాడు.

"ఏంటమ్మా, మీ అమ్మాయి మా మీద అర్జీలు పెడుతుందంట?"

"మీ మీద కాదండి. వాళ్ళ నాన్న కాగితం అడిగిందండి."

"ఈ ఉద్యోగం ఇచ్చింది మేమే కదమ్మా. కాస్త గుర్తుంచుకోండి."

అప్పట్నుంచి ఆఫీసులో అమ్మని పేరు పెట్టి పిలవడం మానేసి బెల్లు కొట్టడం మొదలుపెట్టారు. వదిలేద్దామా అని నేను అడిగాను. వద్దంది.

ఇక మిగిలింది హైదరాబాదులోని సమాచార కమిషన్. అక్కడికి రెండో అప్పీలు పంపాను. ఏడాది దాటాక విచారణకి రమ్మని నోటీసొచ్చింది. అమ్మ సెలవు పెట్టి నాతో వచ్చింది.

కమిషన్ ఆఫీసు వరండాలో బెంచీల మీద మాలాంటివాళ్ళే కూర్చుని ఉన్నారు. పాస్‌బుక్కు కాగితం రాలేదని ఒక రైతు, పరీక్ష మార్కుల కోసం ఒకమ్మాయి. మాకు జవాబు రాసిన ఇంజనీరు కూడా ఫైలు సంచీతో మెట్లెక్కి వచ్చాడు. ఆయన్ని చూడగానే అమ్మ చటుక్కున లేచి నిలబడింది. వేసవి ఎండకి ఆయన మొహం వాడిపోయి ఉంది. అమ్మ అటూ ఇటూ చూసి, మూలనున్న కుండలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయనకి ఇచ్చింది. ఆయన తలెత్తకుండా తాగాడు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

లోపల మా వంతు ఎంతోసేపు పట్టలేదు. కమిషనర్ వయసు మళ్ళిన మనిషి. మర్యాదగా మాట్లాడాడు. ఎందుకు ఇవ్వలేదని ముందు ఇంజనీరునే అడిగాడు.

"సాక్షులు నమ్మకంతో చెప్పిన మాటలండి. బయటపెడితే వాళ్ళకి ఇబ్బంది. ఇంకా ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళున్నారండి."

"విచారణ ఎప్పుడో ముగిసిపోయింది కదా. చనిపోయిన మనిషి కూతురు అడుగుతుంటే గోప్యం ఏంటి?" అని ఆయన నా వైపు తిరిగాడు. "మీరేమంటారమ్మా?"

"మా నాన్న తాగున్నాడని ఎవరు చెప్పారో తెలియాలండి. అది నిజమో అబద్ధమో వాళ్ళని అడగాలండి."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నిజమో అబద్ధమో తేల్చడం మా పని కాదమ్మా. కాగితం మీకివ్వాలా వద్దా, అంతవరకే మేం తేల్చగలం."

అమ్మ ఏదో అనబోయి నోరు తెరిచింది. అప్పటికే ఆయన పక్కనున్న గుమాస్తాకి ఆర్డరు చెప్పడం మొదలుపెట్టాడు. రిపోర్టు, వాంగ్మూలాలు మాకు ఇవ్వాలి. సాక్షుల పేర్లు మాత్రం కొట్టేసి ఇవ్వొచ్చు. గుమ్మం దాటాక అమ్మ అడిగింది, "మనం గెలిచామా?" అని. గెలిచామనే చెప్పాను.

రిపోర్టు పోస్టులో వచ్చింది. నిడదవోలులో మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి అమ్మకి చదివి వినిపించాను. తలుపుల యంత్రం మంచి స్థితిలో ఉన్నదని రాశారు. మృతుడు మద్యం సేవించి ఉన్నట్టు ముగ్గురు చెప్పారని రాశారు. ఆ ముగ్గురి పేర్లున్న చోట నల్ల సిరా పూశారు. మూడో వాంగ్మూలంలో, "నేను ఆ సమయమున లాకు వద్దనే ఉంటిని" అని ఉంది.

అమ్మ అక్కడ ఆపమంది. ఆ వాక్యం మళ్ళీ చదివించుకుంది. "లాకు దగ్గర ఇంకెవరున్నారే?" అంది. ఆ రోజు వానలో పరిగెత్తుకొచ్చిన బాబాయే ఇద్దరికీ గుర్తొచ్చాడు.

అప్పటికి బాబాయ్ రిటైరై, అదే ఊళ్ళో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. అమ్మ ఉండేది కూడా ఆ వీధిలోనే. నా దగ్గర్నుంచి తిరిగి ఊరెళ్ళిన రోజు నుంచి అమ్మ ఆయన మొహం చూడలేదు. వాళ్ళింటి నుంచి వచ్చిన గిన్నె మూత తియ్యకుండా తిప్పి పంపించింది. తాడు కట్టుకుని నీళ్ళలోకి దిగినాయన అని నేను గుర్తు చేస్తే, "అదీ ఆయనే, ఇదీ ఆయనే" అంది. ఆఫీసులో మిగతావాళ్ళని కూడా ఒక్కొక్కరినే చూడ్డం మొదలుపెట్టింది. మంచినీళ్ళు ఇచ్చేటప్పుడు, మిగిలిన ఇద్దరిలో వీడొకడేమో అనిపిస్తుందట. అంతకుముందు ఎవరి మీదా లేని అనుమానం ఇప్పుడు అందరి మీదా.

ఒక ఆదివారం నేను ఊళ్ళో ఉండగా బాబాయ్ గుమ్మం దాకా వచ్చాడు. చేతికర్ర పట్టుకుని బయటే నిలబడ్డాడు.

"వదినా, నేనేం తప్పు చేశానో చెప్పు."

"ఏం చెప్పావో నీకు తెలీదా?"

"ఆ రోజుల్లో ఆఫీసుకి పిలిచి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. అందులో ఏం రాసుకున్నారో నాకు చదివి వినిపించలేదు. అడిగితే ఉద్యోగం తీసేస్తారని భయమేసింది."

"హ్యాండిల్ తిరగబడిందని నాతో చెప్పావు కదా."

"వాళ్ళకీ అదే చెప్పాను వదినా."

అమ్మ తలుపు వేసేసింది. నేను గుమ్మం ఇవతల ఉండిపోయాను. కర్ర చప్పుడు వీధి చివరిదాకా వినబడింది. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. ఆ వాంగ్మూలం అసలు ఆయనది కాకపోనూ వచ్చు. సిరా కింద ఏముందో మాకు తెలిసే దారి లేదు. పేర్ల కోసం కోర్టుకి వెళ్ళమని ఒక ప్లీడరు సలహా ఇచ్చాడు గానీ, అమ్మ ఒప్పుకోలేదు. రిటైరయ్యాక ఆ ఊరు వదిలి నా దగ్గరికి వచ్చేసింది.

కొన్నేళ్ళకి బాబాయ్ పోయాడని ఫోనొచ్చింది. అమ్మ రానంది. నేనొక్కదాన్నే వెళ్ళాను. పిన్ని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా చెయ్యి వదలకుండా, "మీ అమ్మ ఒంట్లో బాగుందా?" అని మాత్రం అడిగింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ వసారాలో కూర్చుని ఉంది.

"ఎవరెవరొచ్చారు?"

చెప్పాను.

"ఆఫీసు వాళ్ళొచ్చారా?"

"ఎవరూ రాలేదమ్మా."

అమ్మ లేచి, దండెం మీద ఆరిన చీర తీసుకుని, పెరట్లో నూతి దగ్గరికి వెళ్ళింది. అయినవాళ్ళు పోయినప్పుడు పోసుకున్నట్టే, తల మీంచి నీళ్ళు పోసుకుంది.