ఈకలు రాలే రోజులు

అఖాతం ఒడ్డున ఆఖరి ఇల్లు రాహెరా అత్తది. దాని పక్కదే మాది. ఆమె ఆల్చిప్పలు వలిచే షెడ్డులో పని చేస్తుంది. వేళ్ళ నిండా గాట్లే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఇంటి కింద ఉన్న కాపురం చాలదా?" అంటుంది.

ఆ కాపురం ఒక కొరొరాల జంటది. పెంగ్విన్లలోకెల్లా చిన్నవి, నిలబడితే మోకాలి దాకా కూడా రావు. వీపు నీలి పలక రంగు, పొట్ట తెలుపు. పగలంతా సముద్రంలో చేపలు పట్టుకుని, మసక చీకట్లో ఒంగి ఒంగి రాళ్ళెక్కి వచ్చేవి. వచ్చాక చెక్క నేల కింద దూరి గాడిదల్లా ఓండ్ర పెట్టేవి. అత్త మడమతో నేలను తన్ని, "నోర్మూయండే! పొద్దున్నే పనికెళ్ళాలి" అని తిట్టేది. అవి రావడం ఆలస్యమైన సాయంత్రం మాత్రం గుమ్మం వదిలేది కాదు.

వేసవి చివర ఆడపక్షికి ఈకలు మార్చుకునే సమయం వచ్చింది. తిండి మానేసి, చిరిగిన దిండులా, ఒడ్డునే కూర్చోవాలి. కొత్త ఈకలు నిండకముందు నీళ్ళలో దిగితే చలి నేరుగా ఒంటికి పాకుతుంది. నేను చదివింది జీవశాస్త్రమే. అయినా నా పసిదాని అరికాళ్ళు కాస్త చల్లబడితే ఆ చదువులో ఒక్క ముక్కా గుర్తు రాదు.

ఆ మధ్యాహ్నం అత్త తమ్ముడు తమాతి వచ్చాడు. ఏళ్ళ తరబడి దూర సముద్రంలో వేట ఓడ మీదే బతికిన మనిషి. అత్త షెడ్డు నుంచి వచ్చేసరికి మెట్ల మీద నవ్వుతూ కూర్చున్నాడు. నేను పక్కనే పాప గుడ్డలు ఆరేస్తున్నాను.

"అక్కా, నీ ఇంటి కింద ఓ పక్షి చావబోతుంటే కాపాడాను. ఈకలూడి, కదల్లేక పడుంది పాపం. పడవలో తీసుకెళ్ళి నీళ్ళలో వదిలొచ్చా."

అత్త చేతిలో సంచి జారిపోయింది. "ఎక్కడ్రా?"

"ఆ రాళ్ళ అవతల. ఏం? మొదటి చేపను కడలి దేవుడికి తిరిగిచ్చెయ్యాలని నాన్న నేర్పలా? సముద్రానిది సముద్రానికే కదా."

"మొద్దు వెధవా! ఒంటి మీద గుడ్డ లేకుండా చలిలోకి తోసొచ్చావురా!"

ఇద్దరూ పడవ తోసుకుని వెళ్ళారు. నేను పాపను గుండెకు కట్టుకుని ఒడ్డు వెంట పరుగెత్తాను. ఎటు చూసినా నీళ్ళే. చివరికి నాకే కనిపించింది. రాతి అంచుకు గోళ్ళు ఆనించేది, అల వెనక్కి లాగేసేది, మళ్ళీ వచ్చేది.

"అత్తా, ఇక్కడ! ఇక్కడుంది!"

తమాతి పడవలోంచి దూకి పట్టుకొచ్చాడు. అత్త దాన్ని స్వెట్టర్ లోపల పొట్టకు హత్తుకుంది. పాప దుప్పటి కప్పాం. వేడినీళ్ళ సంచీ పక్కన పెట్టాం. వణుకు తగ్గింది. బతుకుతుందనుకున్నాను. కాదు, వణికే ఓపిక కూడా అయిపోయింది.

దాని ఊపిరి ఆగాక తమాతి అడిగాడు. "నీళ్ళలో కలిపేద్దామా అక్కా?"

"ఒడ్డుకు రావాలని ఎంత కొట్టుకుందో చూశావుగా. ఇక్కడే ఉంటుంది."

వాడే ఇంటి కిందకు పాకి వెళ్ళి గొయ్యి తీశాడు.

చీకటి పడుతుండగా మగది వచ్చింది. నేల కింద అటూ ఇటూ తిరిగిన చప్పుడు. తర్వాత కూత. కాసేపు ఆగి, మళ్ళీ కూత. అలవాటుగా అత్త మడమ పైకి లేచింది, అక్కడే ఆగింది.

"ఊరుకోమనవే దాన్ని," అన్నాడు తమాతి, చెవులు మూసుకుని.

అత్త చప్పుడు కాకుండా పాదం కింద పెట్టింది. "అరవనీరా."