గోవిందరావు గారి సంతోషం

ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో మా పక్కింటి గోవిందరావు రోజూ పొద్దున్నే జామచెట్టుకు కట్టిన అద్దం ముందు నిలబడి తనను తాను మెచ్చుకునేవాడు. గడ్డం గీసుకునే అద్దమే. ఒక చెంప మీద నురగ ఉండగానే మొదలయ్యేది.

"నాను సంతోసంగా ఉన్నాను. నా సంతోసం నా సేతిలోనే ఉంది. నన్ను ఎవులూ ఏడిపించలేరు."

మూడో మాట పూర్తికాకుండానే ఇంట్లోకి తిరిగి, "ఏటే, ఏణ్నీళ్ళు ఇంకా అవ్వనేదేటే?" అని అరిచేవాడు. అతని భార్య చిట్టెమ్మ బకెట్టు మోసుకొచ్చి పెట్టేది. అప్పుడు సంతోషం మళ్ళీ సాగేది.

గోవిందరావు తాత సోంపేట వైపు నుంచి పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. గోవిందరావు అప్రెంటిసుగా చేరి ఫిట్టరయ్యాడు. ఖరగ్‌పూర్‌లో పుట్టిన మా తెలుగు మగవాళ్ళ జాతకాలన్నీ ఇంచుమించు ఇంతే, వర్క్‌షాపులో పనిచేసే షాపు నంబరు ఒకటి మారుతుంది. ఇతని జాతకంలో అదనంగా ఉన్నది ఆ అద్దం. తొంభై ఆరులో రిటైరయ్యే దాకా ఆ మెప్పు మానలేదు.

ఆ అలవాటు ఎనభై ఎనిమిది చలికాలంలో అంటుకుంది. ప్రేమ్ బజార్ దగ్గర ఒక హాల్లో ఎక్కడి నుంచో వచ్చిన కోటు పెద్దమనిషి రెండు రోజులు క్లాసు పెట్టాడు. మనిషి సంతోషంగా ఉండడం ఎలా అని. షాపు నుంచి ఒకర్ని పంపమన్నారట. ఇంకెవరూ ఒప్పుకోకపోవడం వల్ల గోవిందరావు వెళ్ళాడు. రెండు పూటలా భోజనం కూడా పెట్టారట. తిరిగొచ్చినప్పటి నుంచీ అందరి సంతోషం అతని పూచీ అయిపోయింది. రేషను కొట్టు క్యూలో చెప్పేవాడు, పంపు దగ్గర చెప్పేవాడు. కడుపు పట్టుకుని ఆస్పత్రి మెట్ల మీద మెలికలు తిరుగుతున్న తోటి ఫిట్టరు సమూయేలుకు, "నొప్పి నీ ఆలోసనలో ఉందిరా" అని చెప్పాడు. అది సమూయేలు కిడ్నీలో ఉన్నట్టు తర్వాత ఎక్స్‌రే ఫోటోలో తేలింది.

మరుసటి ఎండాకాలంలో మా ఆయన పోయారు. ఆయనదీ అదే షాపు. పెద్దకర్మ అయిన మర్నాడు గోవిందరావు ఒక చేతి అద్దం కాగితంలో చుట్టి తెచ్చాడు.

"వొదినా, ఏడవడం నీ ఇష్టం, నవ్వడం కూడా నీ ఇష్టమే. రోజూ దీన్లో సూసుకోని నాను బాగున్నాను, నాను బాగున్నాను అనుకో. నెల తిరిగీసరికి బాగుంటావు."

బొట్టు తీసేశాక నా ముఖం నేను ఇంకా చూసుకోలేదు. "టీ పెట్టమంటావా?" అన్నాను. పెట్టమన్నాడు. పంచదార కాస్త ఎక్కువ వెయ్యమన్నాడు. అతను వెళ్ళాక ఆ అద్దాన్ని బియ్యం డబ్బా మీద బోర్లించి పెట్టాను.

ఇక అన్నం సంగతి చెప్పాలి. మా ఊళ్ళో గడియారం లేని ఇల్లు ఉంటుంది గాని సైరను వినపడని ఇల్లు ఉండదు. మధ్యాహ్నం సైరను కొట్టగానే వర్క్‌షాపు గేటులోంచి సైకిళ్ళు ఏటి గట్టు తెగినట్టు వస్తాయి. ఇంటికి వచ్చి, తిని, ఒక కునుకు తీసి, మళ్ళీ సైరనుకల్లా గేటు దగ్గర హాజరు టోకెను పడెయ్యాలి. ఆలస్యమైతే గేటు మూస్తారు, సగం రోజు పోయినట్టే. పొగలు కక్కే అన్నం ఊదుకుంటూ తినే తీరిక ఎవరికుంది? అందుకని ఆడవాళ్ళం సైరనుకు ముందే అన్నం వార్చి, పెద్ద పళ్ళెంలో పరిచి, విసనకర్రతో విసిరి, నోటికి సరిపడేలా ఆరబెట్టి ఉంచుతాం. చారు గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోస్తాం. నాకు మా అత్తగారు నేర్పింది, చిట్టెమ్మకు వాళ్ళ అత్తగారు. మగవాళ్ళు వస్తారు, తింటారు, పోతారు. అన్నం పొయ్యి మీంచి అలాగే దిగుతుందని వాళ్ళ నమ్మకం. మేము వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు. ఇది చెప్పుకోవలసిన పని అని మాకూ తోచలేదు.

మా ఆయన పోయాక కూడా ఆ వేళకు నా చెయ్యి విసనకర్ర అందుకునేది. అన్నం పళ్ళెంలో పరిచాక గాని గుర్తొచ్చేది కాదు.

అలా ఒకరోజు ఆరిన అన్నం ముందు కూర్చుని ఉండగా చిట్టెమ్మ వచ్చింది. నన్ను అక్క వరసన అప్పా అని పిలిచేది.

"అప్పా, ఓ మాట సెప్తాను, నవ్వకూడదు."

"చెప్పు."

"నాను సైకిలు నేర్సుకుంటాను."

నేను నవ్వలేదు. "ఎక్కడికెళ్తావే?" అన్నాను.

"ఎక్కడికీ నేదు. ఎల్లాలని."

అప్పటికే చిట్టెమ్మకు నలభై దాటాయి. బెంగాలీ అమ్మాయిలు సైకిళ్ళ మీద కాలేజీకి పోతుంటే చీపురు చేత్తో పట్టుకుని వాళ్ళు మలుపు తిరిగే దాకా చూసేది. కొత్త కాపురంలో మొగుణ్ని అడిగితే "ఆడదానికి సైకిలేటే, రిచ్చా నేదా" అన్నాడట. కూతురు పుట్టాక అడిగితే "బాలింతకి సైకిలేటే" అన్నాడట. కూతురి పెళ్ళయ్యాక అడిగితే "అత్తవైపోనావు, సైకిలేటే" అన్నాడట. జవాబు మారుతూ వచ్చింది. సైకిలు మాత్రం అతని కిందే ఉంది. ఇప్పుడు చిట్టెమ్మకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. ఈ ఏడు తొక్కకపోతే ఇక తొక్కేది లేదని ఆమె భయం.

"ఆయనేటంటాడో?" అన్నాను.

"ఎవుల సంతోసం ఆలదేనని రోజూ సెప్తన్నాడు గదప్పా. ఏణ్నీళ్ళు మోస్తా నానూ ఇంటన్నాను. అద్దానికి ఎక్కిందో నేదో గాని నాకెక్కింది."

చిక్కల్లా ఒకటే. సైకిలు పగలంతా షాపులో ఉంటుంది. అది ఇంట్లో ఖాళీగా నిలబడేది అతను అన్నం తిని కునుకు తీసే ఆ కాసేపే. మా ఇళ్ళ వరస చివర మైదానం కూడా అప్పుడే ఖాళీగా ఉంటుంది. మగవాళ్ళు కంచాల ముందు, పిల్లలు ఎండకు ఇళ్ళలో. కాబట్టి చిట్టెమ్మ అన్నం వండి, పళ్ళెంలో పెట్టి, "పెట్టీసినాను, తినండి" అని, సైకిలు తోసుకుని పెరటి దారిన బయటపడేది. వండడం మానలేదు, వడ్డించడం మానలేదు. విసరడం ఒక్కటే మానేసింది.

గోవిందరావు నోరు కాలింది.

మొదటి రోజు పొరపాటు అనుకున్నాడు. రెండో రోజూ కాలింది. మూడో రోజు బొగ్గు మారిందని తేల్చాడు. "ఈ మద్దిన వొచ్చే బొగ్గులో ఏడెక్కువ" అని షాపులో ప్రకటించి, బొగ్గు కొట్టువాణ్ని నిలదీశాడట. వాడు, "బాబూ, బొగ్గు గరమ్ కాకపోతే బర్ఫ్ అవుద్దా?" అన్నాడట. చివరికి తన విద్య బయటికి తీశాడు. ఒక మధ్యాహ్నం గోడవతల నుంచి నా చెవులతో విన్నాను.

"ఈ అన్నం సల్లగా ఉంది. ఈ అన్నం సల్లగా ఉంది. ఈ అన్నం సల్లగా ఉంది."

ముద్ద నోట్లో పెట్టుకున్నట్టున్నాడు. తర్వాత చెంబు కిందపడ్డ చప్పుడు, నీళ్ళ కోసం పరుగు.

మైదానంలో నా పని వెనక క్యారియర్ పట్టుకోవడం. ఒక పక్కన పట్టాల కింది నుంచి పీకేసిన పాత స్లీపరు దుంగలు పడి ఉండేవి. చిట్టెమ్మ చీర గోచీ పెట్టి, దుంగ మీద నిలబడి, ఆ మగ సైకిలు ఎక్కేది. కాళ్ళు నేలకు అందవు. నేను పట్టుకుని నడిపించేదాన్ని, నేనే పట్టుకుని ఆపేదాన్ని. పొద్దున్న లేచింది మొదలు ఏం చెయ్యాలో తెలియని నాకు ఆ కాసేపు చెయ్యడానికి ఒక పని ఉండేది. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. "అప్పా, ఒదిలీకు" అనేది తను. వదలనే అనేదాన్ని నేను.

వర్షాలకు ముందు ఒకరోజు వదిలేశాను. కావాలని కాదు. సైకిలు ఒక్కసారిగా ముందుకు దూకింది, క్యారియర్ నా చేతిలోంచి జారిపోయింది. చిట్టెమ్మ పడలేదు. తొక్కుకుంటూ పోయింది. మైదానం చివర తిరిగి ఎదురుగా వస్తూ, "అప్పా, ఎవులు పట్టుకున్నారు?" అంది.

"ఎవరూ పట్టుకోలేదే!"

ఓలమ్మో అని అరిచింది. మళ్ళీ ఒక చుట్టు వేసింది, మళ్ళీ ఒకటి. అప్పుడు అర్థమైంది నాకు. దానికి దిగడం రాదు. నేను నేర్పలేదు, ఎప్పుడూ నేనే ఆపేదాన్ని. వెనక పరుగెత్తే వయసూ లేదు, ఊపిరీ లేదు నాకు.

ఇంతలో తిరిగి పనిలోకి పిలిచే మొదటి సైరను కొట్టింది. గోవిందరావు కునుకులోంచి లేచి, సైకిలు లేకపోవడం చూసి, వీధంతా వెతుకుతూ మైదానానికి వచ్చాడు. అతనితోపాటే గేటుకు పోతున్న మగవాళ్ళు నలుగురైదుగురు సైకిళ్ళు ఆపి ఒక కాలు నేలకు ఆన్చి నిలబడ్డారు. తర్వాత జరిగిన సంభాషణంతా చిట్టెమ్మ అతని ముందు నుంచి పోయినప్పుడల్లా ఒక్కో మాటగా జరిగింది.

"ఏటే ఇది! దిగు!"

"దిగడం రాదు!"

వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది.

"సైరనైపోనాదే! నా టోకెను!"

"బ్రేకేస్తే పడిపోతాను!"

మళ్ళీ వచ్చింది. అతనికి బొగ్గు సంగతి అప్పుడే వెలిగినట్టుంది.

"ఈ పాడు పనికా నాకు రోజూ ఏడన్నం పెట్టినావు? ఎవుల్ని అడిగి ఎక్కినావే?"

"మీ అద్దాన్నడిగినాను!"

ఈ జవాబు సగం మైదానం దాకా వినిపించింది. బిమల్ దా అనే పెద్ద మిస్త్రీ హ్యాండిలు మీద వాలి నవ్వాడు. "గోవిందో, బౌది ఖూబ్ భాలో చాలాచ్ఛే! వదిన బాగా తొక్కుతోందయ్యా! నీ మంత్రం చదువు!" అన్నాడు. కిడ్నీలో రాయి తీయించుకుని ఈ మధ్యే డ్యూటీలో చేరిన సమూయేలు ఊరుకుంటాడా? ఎంతో శాంతంగా, "కంగారు నీ ఆలోసనలో ఉందిరా గోవిందూ" అన్నాడు.

"క్యారియర్ పట్టుకో గోవిందరావూ, దిగుతుంది" అన్నాను నేను. నాలుగు అడుగులు పరుగెడితే చాలు. అతను నలుగురినీ చూశాడు, పెళ్ళాం గోచీని చూశాడు, కదల్లేదు. ఏమి ఆలోచించుకుంటున్నాడో. సంతోషం గురించి అయ్యుండదు.

రెండో సైరను కొట్టింది. మగవాళ్ళు చటుక్కున సైకిళ్ళెక్కి పోయారు. మైదానంలో మేము ముగ్గురం మిగిలాం. చిట్టెమ్మ ముఖం తెల్లబడింది, కాళ్ళు అలిసిపోతున్నాయి. పట్టుకోవడానికి ఎవరూ రారని ఆ చుట్టులో తెలుసుకుంది. అప్పుడు తనతో తను మాట్లాడుకోవడం మొదలుపెట్టింది, పైకే.

"సిట్టీ, ఏటీ కాదు. ఇన్నాళ్ళూ నువ్వేగదా తొక్కినావు. తొక్కడం ఆపు. గడ్డి వైపు తిప్పు. ఆ… ఇప్పుడు బ్రేకు, మెల్లగా. ఎడం పక్కకొరుగు. పడితే పడతావు. పడు."

పడింది. సైకిలు ఒక పక్క, తను ఒక పక్క.  చిట్టెమ్మ మోచేతుల మీద లేచి, చీర దులుపుకుని, ఇంత నోరు చేసుకుని, "అప్పా, దిగినాను!" అంది.

దాన్ని దిగడం అని నేను కూడా ఒప్పుకున్నాను.

సైకిలు లేవనెత్తి మొగుడి చేతికిచ్చింది. "ఇదిగోండి. హేండిలు కొంచెం వొంకరైనాది. ఎల్లండి." అతను సైకిలెక్కాడు. ఆ వంకర హ్యాండిలుతో గేటు దాకా వెళ్ళాడు, గేటు మూసేశారు, తిరిగొచ్చాడు. ఎవరూ ఏడిపించలేని మనిషి ఆ మధ్యాహ్నమంతా జామచెట్టు కింద మంచం వేసుకుని అటు తిరిగి పడుకున్నాడు.

చిట్టెమ్మ ఇంకా అన్నం తినలేదు, నేనూ తినలేదు. మా ఇంటికి తీసుకొచ్చి పసుపు తడిపాను. దెబ్బ మోచేతి వెనక తగిలింది, దానికి కనపడటం లేదు. బియ్యం డబ్బా మీది అద్దం తీసి వెనక పట్టి చూపించాను. "ఓలప్పా, ఎంత దోక్కుపోనాదో!" అని మురిసిపోయింది. అద్దం తిరిగి పెడుతుంటే అందులో నా ముఖం కూడా ఒకసారి కనపడింది. బాగా లేదు. బాగుందని నేను దానికి చెప్పనూ లేదు. ఈసారి బోర్లించలేదు, అంతే.

అప్పుడే వార్చిన అన్నం, పప్పు, ఎండు మిరపకాయలు. ఆకలికి ఆరబెట్టే ఓపిక లేక కుండలోంచి నేరుగా వడ్డించాను. వేళ్ళు కాలుతున్నా ఊదుకుంటూ తిన్నాం. మగవాళ్ళకు ఆరబెట్టి పెట్టి, వాళ్ళు వెళ్ళాక చల్లారిపోయింది తినడమే గాని, వేడన్నం ఇంత రుచిగా ఉంటుందని పాతికేళ్ళ కాపురంలో నాకు తెలియలేదు. మా ఆయనకూ తెలియకుండానే పోయింది. అక్కడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిట్టెమ్మ చూసి నవ్వమని చెప్పలేదు. పప్పు ఇంకొంచెం వేసింది.

మర్నాడు పొద్దున్న అద్దం ముందు ఉపన్యాసం జరిగింది. కాస్త గొంతు తగ్గింది, వేణ్నీళ్ళు తనే తోడుకున్నాడు. మధ్యాహ్నం సైరను కొట్టి అతను ఇంటికొచ్చాక పెరటి గేటు చప్పుడైంది. చిట్టెమ్మ "పెట్టీసినాను, ఇసురుకోని తినండి" అని, సైకిలు తోసుకుని, నన్ను పిలవకుండా, ఒక్కతే మైదానం వైపు పోయింది. కాసేపటికి గోడవతల విసనకర్ర చప్పుడు మొదలైంది. అన్నం మీద పగ ఉన్నట్టు విసురుతున్నాడు.

"ఇది ఎంతసేపు ఇసరాలే?" అని అరిచాడు.

జవాబు చెప్పే మనిషి ఇంట్లో లేదు. మైదానంలోంచి సైకిలు బెల్లు వినిపించింది.

"వొదినా! ఎంతసేపు ఇసరాలి?"

నాకు తెలుసు. పాతికేళ్ళు విసిరినదాన్ని. చెప్పొచ్చు. కానీ నా పళ్ళెంలో అన్నం పొగలు కక్కుతోంది. చల్లారకముందే తినాలి.