మైకు ఆటో వస్తే గడెలు పడేవి

కరోనా రెండోసారి మీద పడిన ఎండాకాలం అది. ఆళ్లగడ్డలో మా పేటకు ఒక మైకు ఆటో ఉండేది. మామూలు రోజుల్లో భాయ్ ఒకాయన దాంట్లో ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, అమ్ముకునేటోడు. చర్చి పెద్దలూ మసీదు పెద్దలూ కూచోని మాట్లాడుకొని, ఆ ఆటోలో జాగ్రత్తలు చెప్పిద్దామన్నారు. బడి మూసేస్తే ఇంట్లో ఈగలు తోలుకుంటాండే టీచర్ని నేను. చర్చిలో పాటలు పాడే గొంతు గదా అని మైకు నా చేతికిచ్చినారు.

పొద్దున్నే బయల్దేరేటోళ్లం. "భయపడొద్దండి. జ్వరమొస్తే దాచిపెట్టొద్దండి. ఆయాసమొస్తే ఆలస్యం చేయొద్దండి." నేను తెలుగులో చెప్తే, భాయ్ బండి తోలుకుంటానే అదే మాట ఉర్దూలో చెప్పేటోడు. పైకి భయపడొద్దని చెప్తానే ఉంటి గానీ, ఇంటికి పోతానే జ్వరమొచ్చిందేమోనని నా నుదురు నేనే పట్టి చూసుకునేదాన్ని.

మేము సందులోకి మళ్లితే చాలు, తలుపులేసి గడెలు పెట్టుకునేటోళ్లు. మొదటిసారి కరోనాలో ఇదే ఆటో ఎర్రగడ్డలమ్ముకుంటా ఒక సందులో తిరిగింది. మర్నాడే ఆ సందుకు అడ్డంగా వెదురుబొంగులు కట్టినారు. ఆడ ఎవరికో జబ్బు బయటపడిందని కట్టినారప్పా, మా మైకుకూ దానికీ ఏం సంబంధం? ఐనా జనం లెక్క జనానిదే. మైకు వస్తే బొంగులొస్తాయి, బొంగులొస్తే కుయ్ కుయ్ మనే బండొస్తాది, ఆ బండెక్కి నంద్యాల ఆసుపత్రికి పోయినోళ్లు తిరిగి రారు. ఎంత మొత్తుకున్నా ఇనరు. నాకు ఎంత కోపమొచ్చేదో! "ఏం మనుషులు భాయ్ వీళ్లు, చెవిటోని ముందర శంఖమూదినట్లుండాది" అని తిట్టుకునేదాన్ని.

"ఊదాల్నే గదక్కా. ఏం చేస్తాం" అనేటోడు.

ఒకరోజు అమ్మానాయనుండే సందులోకి మళ్లినాం. అమ్మ నడి సందులో నిలబడి రెండు చేతులూ ఊపుతాంది. ముఖానికి కొంగు గూడ అడ్డం ల్యాదు. "మీ నాయనకు రెండ్నాళ్లుగా జ్వరమే. నీకు చెప్తే నరికేస్తానన్న్యాడు. ఇప్పుడు ఊపిరి అందడంల్యా. మీ మైకు ఇనపడంగానే నన్ను బయటికి తోసి గడె పెట్టుకున్న్యాడు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఊరంతా అరిచి చెప్తాంటే, కన్నతండ్రి నా గొంతుకే జడిసి తలుపేసుకున్న్యాడు.

తలుపు బాదినా. కిటికీ బాదినా. లోపల్నించి దగ్గు, ఆ దగ్గు నడుమ ఈలేసినట్లు ఊపిరి.

"నాయనా, తియ్యి నాయనా."

"పోవే పాపా. నంద్యాలలో నన్ను గోతాంలో సుట్టి గుంతలో యేస్తారు. ప్రార్థన ఉండదు, ఒక పాటుండదు. ఈడనే సస్తా. నా ఇంట్లో నేను సస్తే మీకేం?"

"పగలగొడదామక్కా" అన్నాడు భాయ్. "వద్దప్పా, ఆ ఆయాసంలో జడుసుకుంటే ఆడనే ప్రాణం పోతాది" అని అమ్మ ఏడ్చింది.

అంతలో లోపల దగ్గు ఆగిపోయింది. అయ్యో దేవుడా, దగ్గితే బాగుండు అనిపించింది నాకు. ఆటోకాడికి ఉరికి మైకు అందుకున్నా. రోజూ చెప్పే మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"నాయనా, నాకు భయమైతాంది. అందరికీ భయపడొద్దని చెప్తాండా గానీ నాకు సచ్చేంత భయముంది. నంద్యాలలో ఏమైతాదో నాకు తెల్దు. నువ్వు తిరిగొస్తావో రావో తెల్దు. ఈడుంటే మాత్రం నువ్వు నాకు దక్కవు. నేను పక్కన కూచోనొస్తా. నన్ను బయటికి గెంటినా ఆ గేటుకాడే పడుంటా. తలుపు తియ్యి నాయనా!"

వెక్కి వెక్కి ఏడ్చినా. ఆ ఏడుపంతా మైకులో సందు చివరిదాకా ఇనపడింది.

శానాసేపటికి గడె కదిలింది. నాయన గోడ పట్టుకొని గడపలో నిలబడినాడు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగినాయి.

"ఏందే ఆ ఏడుపు? ఊరంతా ఇంటాండారు, సిగ్గు ల్యా? ఆ కుయ్ కుయ్ బండి నేనెక్కను. భాయ్ ఆటో ఐతే ఎక్కుతా, పా."

వెనకాల ఎర్రగడ్డల గోతాలు పరిచి నాయన్ను పండబెడతాండంగా ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆ ఇంటాయన బట్టలు కుట్టేటాయన. పెండ్లాన్ని ఎత్తుకోనొచ్చినాడు. ఆమె తల ఆయన భుజం మీద వాలిపోయుండాది. "ఈమెకూ అట్లే ఉండాది పాపా. నువ్వు చెప్పింది ఇన్న్యాం. తావుందా?"

ఇద్దరు పండుకోను తావు ల్యాకపాయ. నాయన లేచి కూచున్న్యాడు.

నంద్యాల దాకా నేను ఆ ఇద్దరి ఊపిరీ ఇనుకుంటా కూచున్నా. ఒకరిది ఇనపడకపోతే నా పై ప్రాణాలు పైకే పోయేవి. "బేగా పోనీ భాయ్" అంటే "పోతాండా అక్కా, పోతాండా" అని హారన్ మీద చెయ్యి తీయకుండా తోలినాడు. ఆసుపత్రికాడ ఇద్దర్నీ లోపలికి తీసుకోని గేటేసినారు. నేనూ ఎదురింటాయనా బయట గోడ నీడన కూచున్నాం, ఎవరి పేరు పిలుస్తారోనని చెవులు ఆ గేటుకే పెట్టి.

నాయన ఇంటికొచ్చినాడు. ఎదురింటామె రాలేదు.

అప్పట్నించీ ఎదురింటాయన కంట పడాలంటే నాకు జడుపు. నా మాట ఇనే గదా ఆయన తలుపు తీసింది. "ఇంట్లోనే ఉండింటే నా చేతుల్లో పోయిండేది గదా" అని ఆయన అడిగితే నేనేం చెప్పాల? ఆ సందు వద్దులే భాయ్ అని కొన్నాళ్లు తప్పించుకున్నా గానీ, ఎన్నాళ్లని తప్పించుకుంటా? జ్వరాలు తగ్గలేదు గదా.

మళ్లీ ఆ సందులోకి మళ్లినప్పుడు ఆయన వాకిట్లోనే నిలబడుండాడు. ఆటోను చూసి నేరుగా మా మీదికే వచ్చినాడు. భాయ్ బండి ఆపేసినాడు. అయిపాయరా దేవుడా అనుకొని నేను మైకు ఒళ్లో పెట్టేసి తల దించుకున్నా.

"గట్టిగా చెప్పు పాపా" అన్నాడాయన. "మీ ఆటో వచ్చినప్పుడల్లా ఆమె తలుపు తియ్యమంటానే ఉండె. గడె పెట్టింది నేను."